విప్పిన ఇల్లు, కూల్చిన ఇల్లు

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇంటీరియర్ డిజైన్ చేస్తావు కదమ్మా, దాని మీదే ఓ అరగంట మాట్లాడు" అన్నారు. సోఫాల గురించో గోడల రంగుల గురించో చెబుతానని మీరు అనుకుంటూ ఉండొచ్చు. నేను మాట్లాడబోయేది పాత కలప గురించి. ఎందుకో తెలియాలంటే ఒకసారి వెనక్కి తిరిగి ఆ వేపచెట్టు పక్కన ఉన్న పాత బ్లాకు వంక చూడండి. మన బడి అక్కడే మొదలైంది. బడి కాకముందు అది పత్తి కొట్టు. దాత దాన్ని ఊరికి రాసిచ్చాక మధ్యలో అడ్డుగోడలు లేపి నాలుగు తరగతి గదులు చేశారు. వచ్చే వేసవిలో దాన్ని తీసేసి, మన చందాలతో గ్రంథాలయం కడుతున్నాం. మంచి పనే. గోడలు ఉబ్బి, బీటలు వారి ఉన్నాయి. మన నల్లరేగడి వానకి ఉబ్బి ఎండకి కుంగుతుంది, లోతు లేని పునాది దాని మీద ఎన్నాళ్ళు నిలబడుతుంది? గోడల మీద నాకు బెంగ లేదు. పైనున్న దూలాల సంగతే చెప్పాలి.

నిన్న భోజనాలయ్యాక టార్చిలైటు పట్టుకుని లోపలికెళ్ళి చూశాను. నడిమి గదుల మీద దూలాలు టేకువి. పక్క వసారా మీద నల్లమద్ది. వసారా చూరు వాసాలు తాటివి. దూలాల చివర్లో ఉలితో కొట్టిన గీతలున్నాయి. ఒకటి, రెండు, మూడు, ఆ పక్కన ఒక అడ్డగీత. ఏ దూలం ఏ గోడ మీద ఏ వరసలో కూర్చోవాలో వడ్రంగి పెట్టుకున్న గుర్తులవి. ఐదేళ్ళు వాటి కింద కూర్చుని ఎక్కాలు చదివాం, తలెత్తి చూసింది లేదు.

మన గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పెద్ద చెట్టు తక్కువ. పొలం గట్ల మీద తుమ్మ, ఇంటి ముందు వేప, బాపట్ల చీరాల వైపు ఇసుక నేలల్లో తాడి, అంతే. ఇళ్ళకి కావలసిన కలప రెండు దిక్కుల నుంచి వచ్చేది. పడమట నల్లమల నుంచి టేకు, నల్లమద్ది, ఏగిస బండ్ల మీద దిగేవి. తూర్పున సముద్రం మీద బర్మా టేకు వచ్చేది. పాత ఇళ్ళల్లో "ఇది రంగూన్ టేకు" అని గుమ్మం తట్టి చెప్పే తాతలు మీ అందరికీ గుర్తుండే ఉంటారు.

ఆ రంగూన్ టేకు వెనక ఒక యుద్ధమే ఉంది. బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ అనే కంపెనీ తాను నరికిన దుంగల లెక్క తక్కువ చూపిందని 1885లో థీబా రాజు కొలువు జరిమానా వేసింది. ఇంగ్లీషువాళ్ళు ఆ తగాదాను సాకుగా తీసుకుని మాండలే మీదికి సైన్యాన్ని పంపారు. రాజును పట్టుకుని రత్నగిరికి తరలించారు. మిగిలిన బర్మా అడవులు కూడా అలా వాళ్ళ చేతికి వచ్చాయి. రంగూన్ రేవులోనూ రంపపు మిల్లుల్లోనూ ఆ దుంగలు మోసిన కూలీల్లో మన తెలుగువాళ్ళు చాలామంది. 1942లో జపాన్ బాంబులు పడ్డప్పుడు కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగొచ్చినవాళ్ళలోనూ మనవాళ్ళున్నారు. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ దుంగల ఎగుమతే ఆపేసింది. వందేళ్ళ పైబడి పెరిగిన అడవి చెట్టు చేవ మనకిప్పుడు కొత్తగా దొరకడం దాదాపు లేనట్టే. ఉన్నది మన పాత ఇళ్ళ నెత్తి మీదే. తోటల్లో త్వరగా పెంచి కొట్టే టేకులో తెల్లచెక్క ఎక్కువ, చేవ తక్కువ. వడ్రంగిని అడగండి, చిత్రిక పడుతుంటేనే తేడా తెలుస్తుందంటాడు.

ఇక మన ఊళ్ళల్లో జరుగుతున్నది చూద్దాం. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. పెద్దవాళ్ళు పోతారు. ఇల్లు నాలుగేళ్ళు తాళం వేసి ఉంటుంది, చెద పడుతుంది. ఒకరోజు జేసీబీ వస్తుంది. మధ్యాహ్నానికి ఇల్లు కుప్ప. దూలాలు విరుగుతాయి, ద్వారబంధాలు చీలిపోతాయి, కుసులు బెజ్జాల్లోనే తెగిపోతాయి. నిలిచిన నాలుగు మంచి ముక్కల్ని పాత సామాన్ల వ్యాపారి లారీ మీద వేసుకుంటాడు. విరిగినవి ఇటుక బట్టీలోకో, పొగాకు బేరన్ పొయ్యిలోకో, హోటలు పొయ్యిలోకో పోతాయి.

పన్నెండడుగుల పొడవు, తొమ్మిదంగుళాల ఎత్తు, ఆరంగుళాల మందం ఉన్న టేకు దూలం సుమారు 80 కిలోలు తూగుతుంది. ఎండిన కలప బరువులో దాదాపు సగం కర్బనమే. ఆ దూలాన్ని పొయ్యిలో పెడితే 150 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఏ బల్లగానో తలుపుగానో మార్చుకుంటే అది ఇంకో యాభై, అరవై ఏళ్ళు కలపలోనే ఉండిపోతుంది. పర్యావరణం గురించి పెద్ద మాటలు నాకు రావు. ఈ లెక్క మాత్రం నాకు అర్థమవుతుంది.

పాత ఇంటిని కూల్చకుండా విప్పొచ్చు. ఎందుకంటే దాన్ని కట్టినవాడు విప్పడానికి వీలుగానే కట్టాడు. పెంకు దింపి, బద్దలు తీసి, వాసాలు, ఆ తర్వాత దూలాలు, చివరికి స్తంభాలు. ఎక్కించిన వరసకి సరిగ్గా ఎదురు వరస. కర్ర సీలలు వెనక నుంచి మెల్లగా తడితే ఊడొస్తాయి. పల్నాడులో ఒక మిద్దె ఇంటిని మేం అట్లాగే విప్పించాం. ముగ్గురు వడ్రంగులు, నలుగురు కూలీలు, తొమ్మిది రోజులు. జేసీబీ అయితే సగం పూట పని. కానీ ఆ తొమ్మిది రోజుల వల్ల ఒక్క దూలం కూడా విరగలేదు. పాత కలపతో చేసే పనిలో లాభమైనా నష్టమైనా తేలిపోయేది ఆ రోజుల్లోనే. తర్వాత డిజైనర్ చేసే పని ఎంత గొప్పదైనా రెండో వరసలోదే.

ఎండకీ వానకీ తిన్న కలపకి ఆ వెండి రంగు ఎలా వస్తుందో చెబుతాను. కలపలో నారపోగుల్ని ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచే పదార్థాన్ని లిగ్నిన్ అంటారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని విరగ్గొడతాయి, వాన కడిగేస్తుంది. మిగిలిన తెల్లటి నార మనకి బూడిద రంగులో కనిపిస్తుంది. మెత్తటి భాగం ముందు అరిగి గట్టి రేఖలు పైకి తేలతాయి. చేతితో రాస్తే దున్నిన చాళ్ళలా తగులుతుంది. ఇదంతా పైపొర ముచ్చటే. రెండు మూడు మిల్లీమీటర్ల కింద చేవ చెక్కు చెదరకుండా ఉంటుంది. రెంటచింతల ఎండలో తరాలుగా నిలబడ్డ తలుపుని చిత్రిక పట్టి చూడండి, లోపల తేనె రంగు అట్లాగే ఉంటుంది, టేకు వాసన కూడా వస్తుంది. ఇనుప మేకు చుట్టూ నల్లటి మచ్చ ఉంటుంది కదా, అది కలపలోని వగరుకీ ఇనుముకీ పుట్టిన రంగు. కరక్కాయా అన్నభేదీ కలిపి సిరా చేసేవాళ్ళే, అదే రసాయనం. మన అయ్యవార్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ రూపానికి నగరాల్లో గిరాకీ పెరిగేసరికి నకిలీ కూడా పెరిగింది. కొత్త పైన్ చెక్కని తీగల బ్రష్షుతో గీకి, ఇనుప తుక్కు నానబెట్టిన వెనిగర్ పూసి, గొలుసుతో కొట్టి "వందేళ్ళది" అని అమ్ముతున్నారు. మేకు రంధ్రాలు కూడా డ్రిల్లుతో పెడతారు. అసలు మేకు రంధ్రం గుండ్రంగా ఉండదు, పాత మేకులు పలకలుగా ఉండేవి. దీనికంటే నాకు బాధ కలిగించేది ఇంకొకటుంది. అసలైన పాత స్తంభాలు, తలుపులు కొనాలంటే జనం తమిళనాడులో కారైక్కుడికో, ముంబైలో జోగేశ్వరికో వెళతారు. మా క్లయింటు ఒకాయన, గుంటూరు బ్రాడీపేట వాస్తవ్యుడు, కారైక్కుడి నుంచి స్తంభాలు తెప్పించుకున్నాడు. ఆయన సొంతూళ్ళో తాతగారి ఇంటి స్తంభాలు అంతకు రెండేళ్ళ ముందే కట్టెల అడితికి పోయాయి.

పాతదైతే చాలు, మంచిదే అనుకోకూడదు. ఈ మాట నొక్కి చెప్పాలి, మన ప్రాంతంలో మరీను.

మొదటిది రైలు స్లీపర్లు. 1990ల్లో గుంటూరు–గుంతకల్లు మీటరు గేజీ మార్చినప్పుడు చెక్క స్లీపర్లు చాలా బయటికొచ్చాయి. మన పొలాల్లో గేటు దిమ్మెలుగా ఇప్పటికీ కనిపిస్తాయి. చూడటానికి అందమే. కానీ చెద పట్టకుండా వాటికి పట్టించేది క్రియోసోట్ అనే తారు నూనె. అది ఒంటికీ ఊపిరికీ హాని. గేటు దగ్గరే ఉండనివ్వండి, హాల్లో టీ బల్లగా వద్దు.

రెండోది, పురుగుమందులు పెట్టిన గదుల తలుపులు, అరలు. పత్తి, మిరప వేసే ఊళ్ళమనం. ఎన్నేళ్ళు ఎన్ని డబ్బాలు ఆ అరల మీద ఒలికాయో లెక్క లేదు. బీహెచ్‌సీని మనం గమాక్సిన్ పౌడరు అనేవాళ్ళం. చెదలకీ చీమలకీ దూలాల మీద కూడా చల్లారు. 1997లో దాన్ని దేశంలో నిషేధించారు. కలపలోకి ఇంకింది మాత్రం నిషేధం వచ్చిందని పోదు. అందుకే ఇంటి నుంచి కలప తీసేటప్పుడు, ఏ గది నుంచి తీశారో నేను తప్పకుండా అడుగుతాను. వంటింటి నుంచా, వసారా నుంచా, మందుల కొట్టు నుంచా? ఆ చివరి దానితో పిల్లల మంచం చేయించొద్దు. మిరప టిక్కీలు పెట్టిన కొట్టు కలపయితే భయం లేదు గానీ, చిత్రిక పట్టే రోజు వడ్రంగి సాయంత్రం దాకా తుమ్ముతూనే ఉంటాడు.

మూడోది రంగు. పాత తలుపుల మీద పొరలు పొరలుగా ఉండే నూనె రంగుల్లో సీసం ఉండొచ్చు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90కి మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పచ్చరంగు, నీలిరంగు తలుపుల్ని పొడిగా గరుకు కాగితంతో రుద్దొద్దు, ఆ దుమ్ము పిల్లల లోపలికి పోతుంది. తడిపి గీకాలి, గీకిన పెళ్ళలు ఏరి మూట కట్టాలి, ముక్కుకి సరైన మాస్కు ఉండాలి.

ఇవి దాటాక మిగిలింది ఓపిక పని. ప్రతి ముక్కకీ అయస్కాంతం ఆడించి మేకులు వెతకాలి. ఒక్క మేకు మిగిలినా సామిల్లు రంపం పళ్ళు పోతాయి. సామిల్లు వాళ్ళు పాత కలప అనగానే మొహం తిప్పుకునేది అందుకే. పుచ్చు పొడి రాలుతుంటే బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం పట్టించాలి. విదేశాలకి వెళ్ళే చెక్క పెట్టెలకైతే, లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగలాలని అంతర్జాతీయ నియమం ఉంది. అలాంటి వేడి గది అందుబాటులో ఉంటే ఇంకా మేలు. కోసిన చెక్కని వాడబోయే గదిలోనే రెండు మూడు వారాలు ఉంచాలి. ఏసీ గదిలో కలప బిగుసుకుంటుంది, కాబట్టి చెక్కకీ చెక్కకీ మధ్య సందు వదలాలి. పైన మెరిసే పాలిష్ నాకు ఇష్టం ఉండదు. అవిసె నూనె రెండు చేతులు పట్టించి గుడ్డతో తుడిస్తే చాలు.

ఇక ఎక్కడ వాడాలి? దూలం దూలంగా పనికొస్తే అదే మొదటి మర్యాద. కాకపోతే మెట్ల పలకలు, పొడుగు బల్లలు, పుస్తకాల అరలు. నల్లమద్ది బరువూ గట్టీ కాబట్టి బల్ల కాళ్ళకి బాగుంటుంది. తాటి వాసం వెలుపలి భాగం నల్లటి గీతలతో చాలా అందంగా ఉంటుంది. కిటికీకి అడ్డంగా వరసగా నిలబెడితే ఎండని వడకట్టినట్టు లోపలికి పంపుతుంది. చేతులు ఆనించే చోట మాత్రం తాటి వద్దు, దాని పేడు సూదిలా గుచ్చుకుంటుంది. బండి చక్రాన్ని పైకప్పుకి వేలాడదీసి చుట్టూ బల్బులు పెట్టే పద్ధతి హైవే ధాబాల్లో చూస్తుంటాను. ఒంగోలు గిత్తలు లాగిన చక్రం నేల మీద ఉంటేనే దానికి అందం. ఇది నా అభిప్రాయం, ధాబా యజమానులు ఎవరైనా సభలో ఉంటే క్షమించాలి.

కేరళలో లారీ బేకర్ అనే వాస్తుశిల్పి ఉండేవారు. పాత ఇళ్ళు తీసేస్తున్న చోటికి వెళ్ళి తలుపులు, కిటికీలు తెచ్చి, వాటిని బట్టి గోడలో ఖాళీ వదిలేవారు. మనం గోడ కట్టాక తలుపు వెతుకుతాం. పాత కలపతో పని చేయాలంటే ఆయన వరసే సరైంది. కలప ముందు, కొలతలు తర్వాత. మన గ్రంథాలయం నక్షా ఇంకా ఖాయం కాలేదని విన్నాను. కాబట్టి సమయం ఉంది.

ఖర్చు అడుగుతారు. ఉన్నమాట చెబుతాను. విప్పే కూలీ, మేకులు తీసే కూలీ, కోత, తరుగు అన్నీ కలిపితే ప్లైవుడ్‌తో చేసే పనికంటే ఎక్కువే అవుతుంది. కొత్త మంచి టేకుతో పోలిస్తే బాగా తక్కువ. పైగా కూలీ సొమ్ము ఊళ్ళోని వడ్రంగుల చేతికి పోతుంది. కుసీ బెజ్జం పని తెలిసినవాళ్ళు మన చుట్టుపక్కల చాలా కొద్దిమంది మిగిలారు. వాళ్ళ పిల్లలు మాడ్యులర్ కిచెన్ బిగించే పనికి వెళుతున్నారు. వాళ్ళ తప్పు కాదు, పిలిచేవాళ్ళు లేరు.

పాత సామానుతో కొత్తది కట్టడం మన నేలకి కొత్త కాదు. చేటు చేసిన ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. 1790ల చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అమరావతిలో పట్టణం కడుతున్నప్పుడు, దీపాలదిన్నె అని పిలిచే దిబ్బలోంచి రాళ్ళు తీసి కొత్త కట్టడాల్లో వాడారు. అది మహాస్తూపమని అప్పటికి ఎవరికీ తెలియదు. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి మనుషుల్ని పెట్టి శిల్పాలకి బొమ్మలు గీయించాడు. ఆ పంతొమ్మిది ఏళ్ళలో పోయింది పోగా మిగిలిన రాళ్ళు ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. ఏ రాయి ఏ చోట నిలబడిందో పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మన పత్తి కొట్టు మహాస్తూపం కాదు, నాకు తెలుసు. అయినా తీసే ముందు బొమ్మ గీయాలి, అంకెలు వేయాలి. అందులో పోయేది ఒక్క పూట.

పాత బ్లాకు బడి ఆస్తి. దూలాలు మనం ఊరికే తీసుకుపోవడానికి లేదు. ఇంజనీరు గారు విలువ కట్టాలి, వేలం వేయాలి. ఆ వేలంలో మన సంఘమే పాడుకుని, ఆ కలపని తిరిగి బడికే గ్రంథాలయం కోసం ఇవ్వాలని నా ప్రతిపాదన. కూల్చే పని, కలప కలిపి ఒకే గుత్తకి ఇవ్వకుండా, కలప విప్పడం వేరే పనిగా రాయించమని కమిటీ పెద్దల్ని కోరుతున్నాను. కలప బడి ఆవరణ దాటి సామిల్లుకి వెళ్ళాలంటే ముందు అటవీ శాఖ కార్యాలయంలో కనుక్కుని, ఏ కట్టడం నుంచి తీసిందో రాతపూర్వకంగా పెట్టుకోవాలి. టేకు విషయంలో దారిలో ఆపి అడిగే హక్కు వాళ్ళకుంది.

టేకు దూలాలు పద్నాలుగు లెక్కపెట్టాను. రెండింటికి గోడలో ఉన్న చివర చెద తిన్నది, అంతవరకు కోసేస్తే మిగతాది గట్టిదే. నా అంచనా ప్రకారం చదువుకునే గదికి నాలుగు పొడుగు బల్లలు, ఒక గోడ నిండా అరలు వస్తాయి. ఉలి గీతలున్న చివరల్ని చిత్రిక పట్టనివ్వను, బల్ల అంచున కనబడేట్టే ఉంచుతాను. నల్లమద్దితో వాకిట్లో బెంచీలు చేద్దాం. నా వంతు పనికి డబ్బు తీసుకోను, వడ్రంగులకి మాత్రం పూర్తి కూలీ ఇవ్వాలి.

వేసవి సెలవులు మొదలైన వారంలోనే పని మొదలుపెడితే జూన్ వానలకి ముందే కలప దించి, సైకిల్ షెడ్డులో ఇటుకల మీద పేర్చి, పైన రేకు కప్పుకోవచ్చు. పెంకు దింపేటప్పుడు కింద నిలబడి అందుకునే చేతులు కావాలి. 1980కి ముందు బ్యాచీల వాళ్ళని నిచ్చెన ఎక్కనివ్వను, వాళ్ళు నీడలో కూర్చుని అంకెలు రాస్తే చాలు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక నోటు పుస్తకం పెడుతున్నాను, రాగలిగినవాళ్ళు పేర్లు రాయండి. పద్దెనిమిది అడుగుల వెదురు నిచ్చెనలు రెండు కావాలి, ఎవరింట్లోనైనా ఉంటే అదీ రాయండి.